పని, విశ్రాంతి, ఆట: విశ్వాసి తన వారాన్ని అమర్చుకోవడం ఎలా

పనంతా అయ్యాక విశ్రాంతి తీసుకుందాం అనుకుంటే ఆ విశ్రాంతి ఎప్పటికీ రాదు. పని అయిపోయే సరుకు కాదు మరి. ఆదికాండంలో వరస వేరుగా ఉంది. మనిషి ఆరో రోజున సృష్టించబడ్డాడు, కాబట్టి అతను చూసిన మొదటి పూర్తి రోజు ఏడో రోజు, దేవుడు విశ్రమించిన రోజు. విశ్రాంతి అతనికి కూలిగా రాలేదు, కానుకగా వచ్చింది. అలాగని పని శాపమూ కాదు. తోటను సేద్యపరచి కాయమని దేవుడు చెప్పింది 2వ అధ్యాయం 15వ వచనంలో, పాపం ప్రవేశించింది 3వ అధ్యాయంలో. శాపం వల్ల వచ్చినవి ముళ్ళు, ముఖాన చెమట. పని అంతకుముందే ఉంది.

అందుకే ఈ పద్ధతిలో మూడింటినీ సమానంగా పంచే ప్రయత్నం లేదు. ముందు విశ్రాంతిని గుంజలా పాతుతాం. పని, ఆట దాని చుట్టూ అమరుతాయి. రాసుకోవడానికి రెండు వారాలు, అలవాటు పడటానికి నాలుగు వారాలు, మొత్తం ఆరు వారాలు పెట్టుకోండి.

మొదటి అడుగు: 168 గంటల లెక్క

వారానికి ఉన్నవి 168 గంటలు. రెండు వారాల పాటు అవి ఎటు పోతున్నాయో రాయండి. చిన్న నోటు పుస్తకం, పెన్ను చాలు. ఫోనులో రాయకండి. లెక్క రాయడానికని తెరిచిన ఫోను ఇంకెక్కడికో లాక్కుపోతుంది. రోజుకు మూడుసార్లు, అంటే మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, గడిచిన గంటలను అరగంట ముక్కలుగా రాయండి. వారం చివర గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క తప్పుతుంది. కష్టపడ్డ గంటలు గుర్తుంటాయి, జారిపోయిన అరగంటలు గుర్తుండవు.

పేజీలో నాలుగు గడులు గీయండి: సమయం, ఏం చేశాను, అది పనా విశ్రాంతా ఆటా, అది అయ్యాక ఎలా ఉన్నాను. నాలుగో గడిలో "తేరుకున్నాను" లేదా "ఇంకా అలిసిపోయాను" అన్న ఒక్క మాట చాలు. చాలామంది ఈ గడిని దండగ అనుకుని వదిలేస్తారు. నిజానికి తర్వాతి అడుగులన్నీ దీని మీదే నిలబడతాయి.

లెక్క ఇలా ఉంటుంది. రోజుకు ఏడున్నర గంటల నిద్ర, వారానికి 52.5. ఉద్యోగం 48, రాకపోకలు 8. ఇంటిపని 18. స్నానం, తిండి 14. ఆరాధన, కూడికలు 5. కూడితే 145.5. ఇంకా 22.5 గంటలు మిగలాలి. "నాకు ఊపిరాడటం లేదు" అనే మనిషి పుస్తకంలో అవి ఎక్కడున్నాయా అని వెతికితే, రోజుకు రెండున్నర గంటల చొప్పున ఫోనులో 17.5 గంటలు కనిపించవచ్చు. ఇంకొకరికి అసలు మిగులే ఉండదు, రెండు ఉద్యోగాలు చేస్తూ నిద్రలోంచి కోసుకుంటూ ఉంటారు. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. అందుకే ముందు లెక్క.

రెండో అడుగు: దేన్ని ఏ గడిలో వేయాలి

చేయకపోతే ఎవరికో జవాబు చెప్పాల్సి వచ్చేది పని. జీతం వచ్చినా రాకపోయినా పనే. ఏదీ తయారు చేయనక్కర్లేని సమయం విశ్రాంతి. ఏ లాభం కోసమూ కాకుండా అందులోని ఆనందం కోసమే చేసేది ఆట.

తికమక రెండు చోట్ల వస్తుంది. మొదటిది పరిచర్య. పాటల బృందంలో పాడేవారు, సండే స్కూలు చెప్పేవారు, మైకులు సర్దేవారు, పాస్టరుగారూ, ఆయన ఇంటివారూ ఆదివారం పొద్దున చేసేది పవిత్రమైనదే, కానీ అది పని. దేవాలయంలోని యాజకులు విశ్రాంతి దినాన పనిచేసి కూడా నిర్దోషులని ప్రభువే అన్నాడు (మత్తయి 12:5). పని కాదని ఆయన అనలేదు. అలాంటి వారికి మరో రోజు ఇవ్వకపోతే ఏళ్ళ తరబడి విశ్రాంతి దినమే లేకుండా పోతుంది. భక్తి తగ్గిందేమోనని వాళ్ళు బాధపడుతుంటారు, తగ్గింది ఒంట్లో సత్తువ.

రెండోది ఫోను. దాన్ని విశ్రాంతి అనాలా, ఆట అనాలా? నాలుగో గడి చూడండి. దూరాన ఉన్న అక్కతో గంట మాట్లాడాక "తేరుకున్నాను" అని ఉంటే అది విశ్రాంతే. వరసగా వీడియోలు జరుపుతూ గంట గడిపాక "ఇంకా అలిసిపోయాను" అని ఉంటే, దాన్ని ఏ గడిలోనూ వేయకుండా విడిగా "జారింది" అని రాయండి.

మూడో అడుగు: గుమ్మం మూయడం

నెహెమ్యా 13వ అధ్యాయంలో పనికొచ్చే దృశ్యం ఒకటి ఉంది. విశ్రాంతి దినాన కూడా యెరూషలేములో సరుకులు దిగుతున్నాయి, అమ్మకాలు జరుగుతున్నాయి. అప్పటి అధిపతి నెహెమ్యా ప్రసంగంతో ఊరుకోలేదు. ముందురోజు చీకటి పడుతుండగానే పట్టణపు గుమ్మాలు మూయించాడు, విశ్రాంతి దినం గడిచేదాకా తెరవకూడదన్నాడు, తన పనివాళ్ళను కాపలా పెట్టాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయటే రాత్రి పడుకుని చూశారు. ఆయన గట్టిగా హెచ్చరించాక రావడం మానేశారు. ఇందులో మూడు సంగతులున్నాయి: మూసే సమయం ముందే నిర్ణయమై ఉండాలి, ఆ సమయానికి చేతితో మూసేది ఏదో ఉండాలి, మొదట్లో వచ్చే ఒత్తిడి ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది.

సమయం నిర్ణయించుకోండి. "సాయంకాలమును ఉదయమును" అన్నది బైబిలు లెక్క కాబట్టి సాయంత్రం నుంచి సాయంత్రం వరకు పెట్టుకోవడం తేలిక. ఆదివారం ఆరాధించేవారికి శనివారం సాయంత్రం 6 నుంచి ఆదివారం సాయంత్రం 6 వరకు బాగుంటుంది. రాత్రి ముందు రావడం వల్ల, నిద్రతోనే విశ్రాంతి దినం మొదలవుతుంది. శనివారమే ఆచరించే విశ్వాసులూ ఉన్నారు. దినాల విషయంలో ప్రతివాడు తన మనస్సులో రూఢిపరచుకోవాలని రోమా 14:5 చెబుతోంది కనుక ఇక్కడ వాదన పెట్టుకోం. ఆసుపత్రిలో, పోలీసు శాఖలో, డ్రైవింగులో ఉండి వారం వారం షిఫ్టు మారేవారు, డ్యూటీ పట్టిక చేతికి రాగానే ముందు ఆ 24 గంటలకు గీత గీసుకోవాలి, ఆ తర్వాతే మిగతావి నింపుకోవాలి.

ఒకేసారి 24 గంటలు కష్టమైతే మొదటి వారం 4 గంటలు, రెండో వారం 8, మూడో వారం 12, నాలుగో వారం 24. తగ్గించి మొదలుపెట్టడం తప్పేమీ కాదు. రెండు వారాలు 24 పెట్టి మూడో వారం వదిలేయడం కంటే అదే నయం.

ఇక అసలు శ్రమ ముందురోజుది. నిర్గమ 16లో, అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆహారమైన మన్నా రోజుకు తలకు ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత). మరునాటికని దాచుకున్నవారిది పురుగుపట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం రెండేసి ఓమెర్లు ఏరుకున్నారు, అది చెడలేదు. విశ్రాంతికి ముందు రోజు పని ఎక్కువే ఉంటుందని దేవుడే లెక్కవేసి ఇచ్చాడన్నమాట. సాయంత్రం 6ను గుమ్మం అనుకుని వెనక్కి లెక్కించండి:

- గురు, శుక్రవారాల్లో: సరుకులు, బిల్లులు, మందులు, బండికి పెట్రోలు.
- శనివారం మధ్యాహ్నం 3 లోపు: రేపటి వంటకు కావలసినవి సిద్ధం చేయడం, ఆరాధనకు వేసుకునే బట్టలు ఇస్త్రీ చేయడం, పిల్లల స్కూలు పని.
- సాయంత్రం 5కు: అవసరమైన వారికి ఒక్క సందేశం. "రేపు సాయంత్రం 6 తర్వాత బదులిస్తాను. అత్యవసరమైతే ఫోన్ చేయండి."
- 5:30కు: మిగిలిన పనుల కాగితం.
- 6కు: ఫోను డేటా ఆపి, మోత మాత్రం ఉంచి, తలుపు దగ్గరి అరలో పెట్టడం.

మిగిలిన పనుల కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి. సగంలో ఉన్న పని మర్చిపోతానేమోనన్న భయంతో మనసు దాన్నే తిప్పుతూ ఉంటుంది. ప్రార్థనలో కూర్చున్నా అదే గుర్తొస్తుంది. కాగితం మీద ప్రతి పనికీ ఒక్క వరుస రాయండి, పని పేరు కాదు, తర్వాత వేయాల్సిన అడుగు. "నివేదిక" అని రాస్తే మనసు ఊరుకోదు. "సోమవారం 9కి నివేదిక మూడో పేజీలో అంకెలు సరిచూడాలి" అని రాస్తే వదిలిపెడుతుంది. పది వరుసలు దాటనివ్వకండి. మడిచి, చేతిలో పట్టుకుని, "ప్రభువా, ఇవి కాలేదు. ఈ రాత్రి ఇవి నీ దగ్గర ఉంచుతున్నాను" అని పైకి చెప్పి సొరుగులో పెట్టి మూయండి. సొరుగు మూసిన చప్పుడు వినిపించాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని 92వ కీర్తన చదువుకోవచ్చు. విశ్రాంతి దినానికి తగినదని శీర్షికలోనే ఉన్న కీర్తన అది.

మొదటి రెండు మూడు వారాలు హాయిగా ఉండదని ముందే తెలుసుకోండి. చిరాకు వస్తుంది, కారణం లేని దిగులు వస్తుంది, పగలంతా నిద్ర ముంచుకొస్తుంది. ఇన్నాళ్ళూ అణచిపెట్టిన అలసట పైకి తేలుతోందంతే. "ఒక్క మెయిల్ చూసి మూసేస్తా" అనిపించడం కూడా మామూలే. ఏడో రోజున కూడా మన్నా ఏరుకోవడానికి కొందరు బయల్దేరారు, వాళ్ళకేమీ దొరకలేదు. ఆ మెయిల్ చూడకుండా ఉండలేకపోవడం వెనుక, నేను లేకపోతే పని ఆగిపోతుందన్న నమ్మకం దాగి ఉంటుంది. ఆ నమ్మకాన్ని వారానికి ఒకసారి కింద పెట్టడమే ఈ దినపు ఆరాధనలో సగం.

ఇంకో పక్క పొరపాటు, గడియారాన్ని దేవుడిని చేయడం. విశ్రాంతి దినం మనుష్యుల కోసం నియమించబడింది (మార్కు 2:27). గుంటలో పడిన ఎద్దును ఆ రోజే బయటికి తీస్తారు కదా అని ప్రభువు అడిగాడు (లూకా 14:5). సందేహం వస్తే ఇలా తేల్చుకోండి: రేపటిదాకా ఆగితే ఒక ప్రాణికి హాని జరుగుతుందా? జరిగితే మనసు నొచ్చుకోకుండా లేచి చేయండి. పోయేది నా పేరు, నా లాభం మాత్రమే అయితే ఆగనివ్వండి.

నాలుగో అడుగు: మీ విశ్రాంతి ఎవరి చెమట మీద నడుస్తోంది?

ద్వితీయోపదేశకాండం 5:14లో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి అని వరసగా పేర్లు చెప్పి, నీ దాసుడు, దాసి నీవలె విశ్రమించాలని ఉంది. నిర్గమ 20 సృష్టిని గుర్తు చేస్తే, ఇక్కడ గుర్తు చేసేది ఐగుప్తులోని బానిసత్వాన్ని. కాబట్టి ఇంట్లో ఒకరు వంటగదిలో నాలుగు గంటలు నిలబడి, మిగతావారు కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఆ ఆజ్ఞ నిలబడినట్టు కాదు.

ఒక ఆదివారం నోటు పుస్తకంలో ఇంట్లో ఒక్కొక్కరు ఎన్ని గంటలు నిలబడి పనిచేశారో రాయండి. ఆ అంకె చాలు, వాదించనక్కర్లేదు. తర్వాత మూడు మార్పులు: వంటకాలు సగానికి తగ్గించడం, తరగడం వంటివి శనివారమే అందరూ కలిసి ముగించడం, ఎవరి కంచం వారు కడుక్కోవడం. ఆరాధన తర్వాత అతిథులు వస్తే ఆనందంగా పిలవండి, కానీ విందు స్థాయి తగ్గించండి. ప్రభువును తన ఇంట చేర్చుకున్న మార్త తొందరపడింది అతిథి రావడం వల్ల కాదు, విస్తారమైన పని పెట్టుకోవడం వల్ల. మీ దగ్గర జీతానికి పనిచేసేవారు ఉంటే వారి వారాంతపు సెలవుకు జీతం కోయకండి. ఆదివారం వాళ్ళకు పని సందేశాలు పంపకండి.

ఐదో అడుగు: రాత్రి నిద్ర

పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటలు కావాలి. లేవాల్సిన సమయం నుంచి వెనక్కి లెక్కించండి. వేకువ ప్రార్థనకు 5కు లేచేవారు 9:30కు పక్క మీద ఉండాలి. ప్రార్థన సమయాన్ని ముందుకు జరిపి, పడుకునే సమయాన్ని జరపకపోవడమే ఇక్కడి మామూలు పొరపాటు. నాలుగు రోజులు ఉత్సాహంగా సాగి ఐదో రోజు మోకాళ్ళ మీదే కునుకు వస్తుంది. వేకువనే లేచి, చాలా రాత్రికి గానీ పడుకోకుండా తిప్పలు పడటం వ్యర్థమని 127వ కీర్తన నేరుగానే అంటోంది. రాత్రంతా జాగరణ ప్రార్థన ఉంటే మరునాటి మధ్యాహ్నం 90 నిమిషాల నిద్ర ముందే రాసిపెట్టుకోండి. తెల్లవారుజామున బండి మీరు నడపకండి.

1 రాజులు 19 చదవండి. ప్రవక్త ఏలీయా బదరీ వృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగించలేదు, గద్దించలేదు. తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, తల దగ్గర నీళ్ళ బుడ్డి. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి తట్టి, శక్తికి మించిన ప్రయాణముంది తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడటం ఆ తర్వాత. ఎవరైనా ఆత్మీయంగా ఎండిపోయాను అంటే ముందు అడగాల్సింది, ఈ వారం ఎన్ని గంటలు పడుకున్నావు అని. నిద్ర సరిపోయినా రెండు వారాలకు మించి దిగులు, ఆశలేనితనం వదలకపోతే వైద్యుడిని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఒకరికి చెప్పి వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. అందులో విశ్వాసలోపం ఏమీ లేదు.

ఆరో అడుగు: పనికి హద్దు

నాల్గవ ఆజ్ఞలో ఆరు రోజులు కష్టపడి పని అంతా చేయాలన్న మాట కూడా ఉంది. పనివేళల్లో సగం మనసుతో చేసిన పనే విశ్రాంతిలోకి చొరబడుతుంది. మనస్ఫూర్తిగా చేయండి అన్న కొలస్సయులు 3:23 ఇక్కడ చాలా ఆచరణాత్మకం. రోజులో కష్టమైన పనిని మొదటి 90 నిమిషాల్లో, ఫోను పక్కన పెట్టి చేయండి. ముగించే సమయానికి 15 నిమిషాల ముందు ఆపి, రేపటి మొదటి అడుగు రాసిపెట్టి లేవండి.

కొత్త బాధ్యత ఎవరు అడిగినా, సంఘపెద్దలు అడిగినా, అక్కడికక్కడే ఒప్పుకోకండి. "ప్రార్థన చేసుకుని రేపు చెబుతానండీ" అనండి, అన్నట్టే రేపు చెప్పండి. ఈలోగా చూడాల్సింది ఒకటే: దీనికోసం ఏ గంటలు తీస్తాను? నిద్రలోంచో, విశ్రాంతి దినంలోంచో తప్ప గంటలు లేవంటే జవాబు దొరికినట్టే. మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీర్చడం చూసి, ఇది మంచిది కాదు, నువ్వూ నలుగుతావు, ప్రజలూ నలుగుతారు అని మామ యిత్రో అన్నాడు. వెయ్యి, వంద, యాభై, పది మందికి అధిపతులను పెట్టించాడు. మీరు చేసే పనుల్లో ఒకటి ఈ నెలలోనే ఇంకొకరికి నేర్పండి. వాళ్ళు మీ అంత బాగా చేయకపోవచ్చు, మూడు నెలలు ఓర్చుకోండి.

ఏడో అడుగు: ఆట

చాలా విశ్వాస కుటుంబాల్లో ఈ గడి ఖాళీగా ఉంటుంది. ఆట అంటే లోకసంబంధమని భయం. కానీ బాగుపడిన యెరూషలేమును జెకర్యా ఎలా చూపించాడు? వీధులు ఆటలాడే మగపిల్లలతో, ఆడపిల్లలతో నిండి ఉంటాయని (8:5). సముద్రంలో ఆటలాడటానికి దేవుడు మకరాన్ని నిర్మించాడని 104వ కీర్తన. కానా పెళ్ళిలో ప్రభువు ద్రాక్షారసంగా మార్చినవి రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతి బానల నీళ్ళు. ఒక కుటుంబం పెళ్ళి సంతోషం మధ్యలో ఆగిపోకూడదని అంత చేశాడు.

వారానికి ఒకసారి ఇతరులతో కలిసి గంట, రోజుకు 20 నిమిషాలు విడిగా. ఇంతకంటే తగ్గించకండి. రోజంతా కూర్చుని పనిచేసేవారు ఒళ్ళు కదిలే ఆట ఎంచుకోవాలి: బంతి, ఈత, పరుగు. రోజంతా ఒంటితో కష్టపడేవారికి పాట, బొమ్మలు గీయడం, బల్ల మీద ఆడే ఆట నయం. స్కోర్లు దాచుకోవడం, ఫోటోలు పెట్టడం, దీన్ని ఆదాయంగా మార్చుకోవడం మొదలైతే ఆట నెమ్మదిగా పనిగా మారిపోతుంది. పిల్లలతో ఆడేటప్పుడు ఏ ఆట ఆడాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి, నియమాలు కూడా వాళ్ళవే. ఐదేళ్ళ పిల్ల మీ వీపు మీద ఎక్కి గుర్రమాట ఆడుతుంటే అందులోంచి పాఠం తీయాలని చూడకండి.

హద్దు దాటిందో లేదో ఇలా తెలుస్తుంది. భోజనానికి పిలిస్తే ఆపి రాగలరా? ఇంట్లోవాళ్ళకు తెలియకుండా ఆడుతున్నారా? డబ్బు పందెం ఉందా? మొదటిదానికి కాదని గానీ, మిగతా రెంటిలో ఏదానికైనా అవునని గానీ జవాబు వస్తే ఆ ఆట ఆపి, మీకు దగ్గరగా ఉన్న పెద్దవారితో మాట్లాడండి.

ఎనిమిదో అడుగు: లెక్క తప్పే కాలాలు

చంటిబిడ్డ, మంచం పట్టిన తల్లిదండ్రులు, పరీక్షలు, అప్పు తీర్చడానికి రెండో ఉద్యోగం. ఇలాంటి కాలంలో పై పట్టిక అంతా నడవదు. మార్కు 6:31లో, ఏకాంతంగా వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోండి అని శిష్యులను పిలిచాడు ప్రభువు. దోనె ఒడ్డు చేరేసరికి జనం ముందే అక్కడున్నారు. ఆయన కనికరపడ్డాడు, బోధించాడు, ఆహారం పెట్టాడు. తర్వాత శిష్యులను దోనె ఎక్కించి, జనాన్ని పంపేసి, ప్రార్థనకు కొండకు వెళ్ళాడు (6:46). ఏకాంతం వాయిదా పడింది, రద్దు కాలేదు. మీరూ అలాగే చేయండి. విశ్రాంతి తప్పిన రోజున, దాని బదులు ఎప్పుడో తేదీ, గంట రాసుకోండి. తేదీ లేని వాయిదా అక్కడితో పోయినట్టే.

చంటిబిడ్డ తల్లికి 24 గంటలు అడగడం అన్యాయం. వారానికి రెండుసార్లు, రెండు గంటల చొప్పున, బిడ్డను వేరొకరు చూసుకునే ఏర్పాటు చేయాలి. ఆ ఏర్పాటు చేయాల్సింది ఆమె కాదు, భర్త, సంఘంలోని అక్కలు. అవసరం కొద్దీ ఏడు రోజులూ పనిచేస్తున్న సహోదరుడికి విశ్రాంతి దినం గురించి వాక్యం చెప్పే ముందు, ఒక రోజు కూలి ఎలా సర్దగలమో సంఘం కూర్చుని చూడాలి.

తొమ్మిదో అడుగు: ఆరో వారం

ఆరో వారంలో మళ్ళీ ఏడు రోజులు నోటు పుస్తకంలో రాయండి. మొదటి వారం పేజీ పక్కన పెట్టి నాలుగో గడి మాత్రమే పోల్చండి. "తేరుకున్నాను" ఎన్నిసార్లుంది, ఏ పని తర్వాత ఉంది? "జారింది" గంటలు ఎన్ని తగ్గాయి? ఇంట్లోవాళ్ళను కూడా అడగండి, ఆదివారం సాయంత్రం నేను ఎలా ఉంటున్నాను అని. మీకు కనిపించనిది వాళ్ళకు కనిపిస్తుంది.

తర్వాత మార్చేది ఒక్కటే ఉండాలి. నిద్ర అరగంట ముందుకో, గుమ్మం మూసే సమయమో, ఒక బాధ్యత అప్పగించడమో. దాన్ని ఒక వరుసలో రాసి, తేదీ వేసి, ఫోను పెట్టే అర పైన గోడకు అంటించండి. నాలుగు వారాలకు తీసి చూడండి.